కామేశం గారి ఐదొందల విస్తళ్ళు

నలుగురికి సరిపడే ఉప్మా గిన్నెలో మా నాన్న కిలో ఉప్పు ప్యాకెట్టు మొత్తం బోర్లించిన రోజున నేను ల్యాబులో ఎగిరి గంతేశాను. అక్కడున్నవాళ్ళంతా తండ్రితో పాటు కూతురికీ మతి పోయిందనుకున్నారు. అనుకుంటే అనుకోనీ! ఇంజనీరింగు ఫస్టు క్లాసులో ప్యాసైన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.

సంగతి మొదట్నుంచీ చెబుతాను. నా పేరు భ్రమరాంబ. రాజమండ్రిలో, గోదావరి గట్టుకి రెండు వీధులు ఇవతల, ఒక మేడ కింది అంతస్తులో మా ల్యాబు. డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్ళకి ఎవరి బతుక్కి తగ్గ వ్యాపకం వాళ్ళకి కల్పించే యంత్రాలు తయారుచెయ్యడం మా పని. తీగలూ మోటార్లూ నావి. ప్రోగ్రాములు మేరీ సుహాసినివి. సుహాసినిది కొవ్వూరు. నాకంటే ఐదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తూనే నేను చెప్పిన ప్రతిదానికీ అడ్డం చెబుతుంది. అయినా ఆవిడ లేకపోతే నాకు రోజు గడవదు.

మా నాన్న కామేశం నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకి వంట చేశాడు. గాడిపొయ్యి కామేశం గారంటే మా చుట్టుపక్కల ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. నేల మీద పొడుగ్గా కందకం తవ్వి, అందులో మంట పెట్టి, పైన వరసగా గుండిగలు ఎక్కించే పొయ్యిని గాడిపొయ్యి అంటారు. ఆ పొయ్యి ముందు నిలబడితే ఆయన మహారాజు. ఆయనకి జబ్బు వచ్చి ఐదేళ్ళయింది. మొదట ఊళ్ళ పేర్లు పోయాయి, తర్వాత మనుషులు పోయారు, ఆ వరసలో నేనూ పోయాను. ఎనిమిది నెలల కిందట మాట కూడా ఆగిపోయింది.

అది కూడా భరించాను. కానీ ఆయన తిండి మానేశాడు. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళితే పళ్ళు బిగించేసేవాడు. రోజుకి గ్లాసుడు జావ తాగించడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది. అరవై రెండు కిలోల మనిషి నలభై మూడుకి దిగిపోయాడు.

డాక్టరు కోదండపాణి గారు మంచివారు, దాపరికం తెలియదు. “నలభై కన్నా తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనమ్మా. అయితే ఒకటుంది, ఈయన సెలైన్ సూదే రెండుసార్లు పీకేశాడు. గొట్టం వేస్తే చేతులు మంచానికి కట్టెయ్యాలి,” అన్నారు.

“ఆ చేతుల్నా?” అని అరిచాను. ఆసుపత్రి వరండా అంతా నావైపు తిరిగింది. ఐదొందల మందికి పాకం పట్టిన చేతులు. వాటిని గుడ్డపీలికలతో మంచానికి కడతారట! ప్రాణం పోయినా అది జరగనివ్వకూడదని ఆ నిమిషంలోనే అనుకున్నాను.

అప్పటికి మా దగ్గర ఉన్న యంత్రం పేరు ‘హస్తస్మృతి’. పేరు ఘనంగా ఉండేది, పని అంతంతమాత్రం. రెండు ముంజేతులకీ రెండు పట్టీలు కడితే, కండరాల కదలికని బట్టి చేతులు ఏ పని వెతుక్కుంటున్నాయో అది కనిపెట్టి, ఆ పనికి కావలసినవి ఒక్కొక్కటే చెప్పేది. చెప్పడం ట్యాబ్లెట్టు వంతు. మనిషి ఎంత హాయిగా ఉన్నాడో నాడినీ చర్మాన్నీ చూసి సున్నా నుంచి వంద దాకా ఒక అంకె చూపించేది. దాన్ని మేం హాయి అంకె అనేవాళ్ళం. నాన్నకి అది ఎప్పుడూ పదీ పన్నెండు దాటలేదు.

సరే, ఉప్మా. మోతాదులు చిన్నవైతే ప్రమాదం ఉండదని నలుగురికి సరిపడా గిన్నె పెట్టాం. ట్యాబ్లెట్టు తియ్యటి గొంతుతో “ఇప్పుడు ఒక చెంచా ఉప్పు వేయండి,” అంది. నాన్న ఆ చెంచా వంక చూశాడు. ట్యాబ్లెట్టు వంక చూశాడు. ఆ చూపులో ఎంత తిరస్కారమో! చెంచా పక్కన పడేసి, ఉప్పు ప్యాకెట్టు పళ్ళతో చింపి మొత్తం పోసేశాడు. రెండో ప్యాకెట్టు కోసం చెయ్యి చాపాడు.

“అయ్యయ్యో, పెదనాన్న గారూ!” అంటూ సుహాసిని లాక్కోబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. నాన్న రెండో ప్యాకెట్టు చింపి, పోసి, సరిగ్గా సగం దగ్గర ఆపేశాడు. మిగతా సగాన్ని మడిచి జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

“ముప్ఫై కిలోల రవ్వకి కిలోన్నర ఉప్పు! ఐదొందల మందికి! ఆయన చేతికి లెక్క పోలేదే సుహాసినీ, కరెక్టుగా ఉంది! మనమే తప్పు గిన్నె ఇచ్చాం!” అని గంతులేశాను. హాయి అంకె ముప్ఫై ఒకటి చూపిస్తోంది.

నలభై ఏళ్ళు ఐదొందల మందికి తప్ప వండని మనిషికి నలుగురి గిన్నె ఇచ్చి, వంట మర్చిపోయాడని రిపోర్టు రాశాం. నిజంగా సిగ్గుపడాల్సిన విషయం.

ఆ మర్నాడే మొదలెట్టాం. మూడు వారాలు నేను ఇంటికి స్నానానికి మాత్రమే వెళ్ళినట్టు గుర్తు. ల్యాబులో పెద్ద గది ఖాళీ చేయించాం. రెండు గోడలకి తెరలు, ఒక గోడకి మేం బయటినుంచి చూడ్డానికి అద్దం. నేలలో పొడుగ్గా కందకం, అందులో నిప్పు లేదు కానీ నిప్పులా కనిపించే వెలుగూ, ఒంటికి తగిలే సెగా ఉన్నాయి. పైన అసలు గుండిగలే ఎక్కించాం, అడుగునుంచి నీళ్ళు ఎక్కి దిగే ఏర్పాటుతో. ఆయన గంపెడు బియ్యం పోసినట్టు చెయ్యి తిప్పితే గుండిగ అంత బరువూ ఎక్కుతుంది, తెడ్డు తిప్పితే అంత బిగువూ చేతికి తెలుస్తుంది. గది వెనకాల చిన్న వంటింట్లో సుహాసిని ఒక మరచెయ్యి నిలబెట్టింది. నాన్న గంపెడు పోస్తే అది గ్లాసుడు పోస్తుంది, ఆయన కలిపితే అదీ కలుపుతుంది. ఆయన వండిందంతా అక్కడ పదిమందికి సరిపడా నిజంగా వండుతుంది. నిజమైన పోపు వాసన గొట్టంలోంచి గదిలోకి వస్తుంది.

నాన్న పాత వంటల పుస్తకం మొత్తం యంత్రానికి చదివించాం. ఎదురు తెర మీద ఒక కిటికీ, ఆ కిటికీలోంచి పెళ్ళి పందిరి. అందులో విస్తళ్ళ ముందు వందేసి మంది కూర్చునే బంతులు. వాళ్ళని యంత్రమే పుట్టిస్తుంది.

“ఇంత హంగామా అవసరమా అక్కా?” అంది సుహాసిని.

“నీకు పెళ్ళి చేశారు కదా, చిన్న చెంచా చూపించి పెళ్ళన్నారా?” అన్నాను. ఆవిడ నవ్వి, ఇంకో గోడకి కూడా తెర పెట్టింది.

మొదటి రోజు. పట్టీలు కట్టి, భుజాన తువ్వాలు వేసి, నాన్నని గదిలో నిలబెట్టి మేం అద్దం ఇవతలికి వచ్చేశాం. నాన్న కదల్లేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆయన వేళ్ళు మాత్రం తువ్వాలు అంచుని మెలిపెడుతున్నాయి. యంత్రం ఆ మెలికని పట్టుకుంది. గాడిపొయ్యిలో ఒక మూల చిటపటమని చప్పుడైంది. నాన్న వంగి చూశాడు. తువ్వాలు తలకి చుట్టాడు. చుట్టి, గుండిగ అంచు మీద గరిటెతో ఠంగుమని కొట్టాడు.

“ఎవర్రా అక్కడ? సెగ తగ్గించండి, పాకం ముదిరిపోతోంది!”

ఎనిమిది నెలల తర్వాత మా నాన్న గొంతు! నేను సుహాసినిని పట్టుకుని అరిచాను, ఆవిడ నన్ను పట్టుకుని ఏడిచింది, నేను కాళ్ళు నేలకి ఆనకుండా ఆ గదంతా తిరిగాను. లోపల నాన్న ఒక్కడే పదిమందిని తోలుతున్నాడు. “చింతపండు ఇంకా పిసకలేదేం? అల్లం ఏదీ? వంకాయలు ఉప్పునీళ్ళలో వెయ్యండి, నల్లబడతాయి!” పప్పు పొంగితే యంత్రం కంటే ముందు ఆయనే పసిగట్టాడు. కిటికీలోంచి పందిరి చూసి, మొదటి బంతి తింటుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. హాయి అంకె తొంభై ఒకటి.

ఆ సాయంత్రం వెనక వంటింట్లోంచి పులిహోర, పప్పు, వంకాయకూర తెచ్చుకుని ల్యాబంతా తిన్నాం. నాన్న చేతి పులిహోర మళ్ళీ తింటానని నేను కలలో కూడా అనుకోలేదు. యంత్రం పేరు ఆ రోజు నుంచి ఎవరూ హస్తస్మృతి అనలేదు, గాడిపొయ్యి అనే అన్నారు. ఇంకేముంది, ఇక ఆయన తింటాడు అనుకున్నాను.

తినలేదు.

రెండో రోజు వంట మధ్యలో లోపలికి వెళ్ళి, వేడి పులిహోర ముద్ద చేసి, “ఒక్కటి తిను నాన్నా,” అన్నాను. ఆయన చూసిన చూపు మర్చిపోలేను. “ఛ ఛ! ఇప్పుడా?” అని చేతిని పక్కకి నెట్టి పొయ్యి వైపు తిరిగిపోయాడు. ఉప్పెక్కువైందేమో అనుకున్నాం. కారం తగ్గించాం. స్వీటు పెట్టాం. పెరుగు పెట్టాం. ఊహూఁ.

ఇంకో వింత. ఇంట్లో ఇదివరకు ఒక మూల కూర్చునే మనిషి ఇప్పుడు కూర్చోవడం లేదు. ల్యాబు నుంచి తెచ్చిన దగ్గర్నుంచీ తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు. “బంతి కూర్చుని ఉంది, బంతి కూర్చుని ఉంది,” అంటున్నాడు. జావ కూడా బలవంతాన రెండు గుక్కలు తప్ప ముట్టడం లేదు. నేను మాత్రం ఏం చేశాను? మాటలొచ్చాయని మురిసిపోయాను. తొంభై ఒకటి, తొంభై మూడు, తొంభై ఆరు, ఆ అంకె చూసుకుని చంకలు గుద్దుకున్నాను. ఆయనకి గదే హాయిగా ఉందని, రోజుకి అక్కడ ఉంచే రెండు గంటల్ని నాలుగు చేశాను, నాలుగుని ఆరు చేశాను.

పదకొండో రోజు పొద్దున తూకం మిషను మీద నిలబెడితే ముప్ఫై తొమ్మిదిన్నర.

కోదండపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇవాళ శుక్రవారం. సోమవారం పొద్దున తీసుకురండి. ఇక ఆలస్యం చెయ్యను,” అన్నారు.

“ఇంకో పది రోజులు చూడండి సార్, ఎంత సంతోషంగా ఉన్నాడో మీరు చూడలేదు...”

“సంతోషంగానే చచ్చిపోతాడమ్మా,” అన్నారాయన. కోపంగా కాదు.

ఆ శుక్రవారమే వీర్రాజు బాబాయి వచ్చాడు. నాన్న దగ్గర ముప్ఫై ఏళ్ళు వడ్డన చేసిన మనిషి. డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, గొంతు మాత్రం ఇప్పటికీ పందిరి చివరికి వినిపిస్తుంది. కామేశం మళ్ళీ వండుతున్నాడని ఎవరో చెబితే మండపేట నుంచి బస్సెక్కి వచ్చేశాడు. అద్దం ఇవతల కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

“ఆయ్! అదిగో, అదే ఊపు! చూడమ్మా, గరిటె కింద పెట్టడు మా అన్న!” అని మొదట పొంగిపోయాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. బాబాయి కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు.

“ఏవమ్మా భ్రమరా, ఇది ఎన్నో బంతి?”

“పద్నాలుగు బాబాయ్.”

“పద్నాలుగేంటి? వందేసి మంది కదా. ఐదొందల పెళ్ళికి ఐదు బంతులు. మరీ పిలవనోళ్ళొచ్చినా ఆరు. ఈ పెళ్ళివారెవరే బాబూ, ఊళ్ళన్నీ మీద పడ్డాయేంటి? మరి మా అన్న ఎప్పుడు తింటాడు?”

“తినడం లేదనే కదా బాబాయ్ నా ఏడుపు! ఎన్నిసార్లు పెట్టినా...”

“ఎప్పుడు పెట్టావు?”

“వంట మధ్యలో. ఇంటికెళ్ళాక. పొద్దున...”

బాబాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “ఓసి నీ చదువు తగలెయ్య! ఆఖరి బంతి లెగకుండా వంటాయన ముద్ద ముడతాడా? నా ముప్ఫై ఏళ్ళల్లో ఒక్కనాడూ మీ నాన్న రుచి కూడా చూళ్ళేదు, వాసనతోనే చెప్పేసేవోడు. అందరూ తినేశాక పెళ్ళివారు స్వయంగా వచ్చి, ‘మీరు కూర్చోండి’ అని విస్తరేస్తే అప్పుడు కూర్చునేవోడు. నీకు తెలీదా?”

నాకు తెలియదు. నేను ఎప్పుడూ ఆయన వంట చేసే చోటికి వెళ్ళలేదు. నిప్పులూ మరిగే నూనే, ఆడపిల్లని రానిచ్చేవాడు కాదు. ఆయన పుస్తకంలో ఐదొందల మందికి ఎంత పప్పో, ఎంత చింతపండో ఉంది. వండినవాడు ఎప్పుడు తింటాడో అందులో ఎందుకుంటుంది?

సుహాసిని అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుంది. ఆవిడ మొహం పాలిపోయింది. “అక్కా, ఇటు రా.”

పదకొండు రోజుల చిట్టా. నూట ముప్ఫై ఎనిమిది బంతులు. ఒక బంతి తిని లేచినప్పుడల్లా హాయి అంకె ఐదో ఆరో తగ్గేది. అంకె తగ్గకుండా చూడమని మేమే యంత్రానికి చెప్పాం. బంతి వెంటనే బంతి కూర్చోబెడితే తగ్గదని అది తనంతట తానే నేర్చుకుంది. మొదటి రోజు ఏడు బంతులు, నిన్న పంతొమ్మిది. ఏ రోజూ ఆఖరి బంతి రాలేదు. టైమైపోగానే మేం తెరలు ఆపేసి, వడ్డన మధ్యలో ఆయన్ని రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళాం.

అందుకే తలుపు దగ్గర తచ్చాడాడు. అందుకే జావ కూడా ముట్టలేదు. పదకొండు రోజులుగా మా నాన్న లెక్కలో ఒకే పెళ్ళి, జనం ఇంకా ఆకుల ముందు కూర్చునే ఉన్నారు. ఆయన్ని ఆకలితో మాడ్చింది నేనే. చప్పట్లు కొడుతూ మాడ్చాను. కుర్చీలో కూలబడి, ఎవరున్నారని కూడా చూడకుండా బావురుమన్నాను.

“ఏడుపు తర్వాత ఏడువు. పెళ్ళి ముగించు,” అన్నాడు బాబాయి.

చెప్పినంత తేలిక కాదని సుహాసిని భయం. “హాయి అంకె ఒక్కసారి పది కిందికి పడిపోతే మళ్ళీ గదిలోకి వచ్చినా చేతులు కదపకపోవచ్చక్కా. ఇదివరకు వట్టి పట్టీలు కట్టినప్పుడే ఇద్దరికి అలాగే అయింది. మాట కూడా పోతుంది. తినకపోతే రెండూ పోయినట్టే.”

నేను శనివారమంతా ఆలోచించాను. ఆయన గొంతు మళ్ళీ పోతుందేమోనన్న భయం ఒకవైపు, మంచానికి కట్టిన చేతులు ఒకవైపు. చివరికి ఆదివారం పొద్దున వెళ్ళి, “ఐదే బంతులు. ఆరోది రాకుండా కట్టెయ్యి,” అన్నాను. సుహాసిని ఈసారి అడ్డం చెప్పలేదు.

కోదండపాణి గారు కూడా వచ్చారు. సోమవారం గొట్టం వెయ్యడానికి నేను సంతకం పెట్టాల్సిన కాగితం ఆయన చేతి సంచీలో ఉంది. బాబాయి తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు, నిజంగా పెళ్ళికొచ్చినట్టే.

ఆ రోజు నాన్న వండిన వంట ఏమని చెప్పను! పప్పు, పులిహోర, గుత్తివంకాయ, పులుసు, బూరెలు. గరిటె ఆడుతుంటే మాకు అద్దం ఇవతల నోరూరింది. డాక్టరుగారైతే రెండుసార్లు గుటక మింగడం నేను చూశాను. మూడో బంతి, నాలుగో బంతి, ఐదో బంతి. వాళ్ళూ తిన్నారు, చేతులు కడుక్కున్నారు, తాంబూలాలు పుచ్చుకున్నారు. పందిరి ఖాళీ అయింది.

నాన్న కిటికీలోంచి చూశాడు. ఎంగిలి విస్తళ్ళు తప్ప మనుషులు లేరు. తొంభై రెండు, డెబ్భై ఏడు, యాభై ఎనిమిది.

“పడిపోతోందక్కా.”

“పడనీ.”

ఆయన భుజాలు వాలిపోయాయి. గరిటె గుండిగ మీద అడ్డంగా పెట్టాడు. నలభై. ముప్ఫై మూడు. సుహాసిని వేలు మీట మీద ఉంది. “ఇరవై ఆరు! ఇంకో బంతి వేసేస్తానక్కా, ప్లీజ్!” అంది. నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా దాని మీదకే వెళ్ళింది.

బాబాయి మా ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు. “పడిపోవడం కాదమ్మా అది. పనయిపోయింది. పనయిపోయినోడు అలాగే ఉంటాడు, నేను చూడలేదా? ఆగండి కాసేపు.”

ఇరవై ఒకటి దగ్గర అంకె నిలబడింది. నాన్న తలకి చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. గోడవార పీట లాక్కుని, చేరగిలబడి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఎవరి కోసం చూస్తున్నాడు?” అన్నారు డాక్టరుగారు.

“పెళ్ళివారి కోసం అండి. పిలవకుండా కూర్చోడు కదా.” బాబాయి నా వైపు తిరిగాడు. “వెళ్ళవే. ఆకు పట్టుకెళ్ళు. నాన్నా అని మాత్రం పిలవకు. నాన్నా అన్నావంటే పెళ్ళి చెడిపోద్ది.”

ఏళ్ళ తరబడి ఆయన నోట నా పేరు వినాలని కాచుకుని ఉన్నాను. ఇప్పుడు నేనే ఆయన్ని పేరుపెట్టి పిలవాలి. చీర కొంగు నడుముకి దోపి, అరిటాకూ, వెనక వంటింట్లోంచి తెచ్చిన గిన్నెలూ పట్టుకుని తలుపు తీశాను.

“కామేశం గారూ! బంతులన్నీ అయిపోయాయండి. ఇక మీరు కూర్చోండి,” అన్నాను.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. “లోటేం రాలేదు కదమ్మగారూ?”

“ఏ లోటూ రాలేదండి. పులిహోర మారు అడగనివాళ్ళు లేరు.”

మా నాన్న నవ్వాడు. గర్వంగా, కొంచెం సిగ్గుగా. పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆకు మీద నీళ్ళు చల్లి తుడిచాడు. నేను అన్నం పెట్టాను, పప్పు వేశాను, నెయ్యి వేశాను. ఆయన కలిపాడు. ముద్ద నోట్లోకి వెళ్ళింది. నమిలాడు. మింగాడు. అద్దం అవతల సుహాసిని పెట్టిన కేక గోడలు దాటి వినిపించింది. రెండో ముద్ద. మూడోది. వంకాయకూర నంజుకున్నాడు. ఐదు ముద్దలు లెక్కపెట్టాను.

అంతే, చెయ్యి ఆగిపోయింది.

నేను వడ్డించిన రెండు బూరెల్నీ ఆకు అంచుకి జరిపాడు. ఇటు చూసి, అటు చూసి, అడగనా వద్దా అన్నట్టు నసిగాడు.

“ఏం కావాలండీ?” అన్నాను.

“ఏమనుకోకండి అమ్మగారూ. ఇంటి దగ్గర మా పిల్ల ఒకత్తి ఉందండి. నేను వెళ్ళేదాకా ముద్ద ముట్టదు. మొండిది. ఈ రెండూ ఎవరిచేతైనా పంపించగలరా? అది తినకుండా నాకు దిగదండి.”

నా కళ్ళకి ఆకు కనిపించడం మానేసింది. “మీ పిల్ల పేరేంటండీ?” అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

“భ్రమర అండి.”

నేను ఆ రెండు బూరెలూ ఆకుముక్కలో పెట్టుకుని బయటికొచ్చాను. నిలబడే తిన్నాను. ఏడుస్తూ, నవ్వుతూ, నెయ్యి మోచేతి దాకా కారుతుంటే, డాక్టరుగారూ బాబాయీ సుహాసినీ చూస్తుంటే రెండూ తిన్నాను. సుహాసిని మంచినీళ్ళిచ్చింది. మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళాను. ఆయన ఆకు ముందు చెయ్యి ఎండబెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.

“అందిందాండీ?”

“అందిందండి. తినేసింది.”

“రెండూనా?”

“రెండూ.”

“ఆలస్యమైందని అలిగిందా?”

“కాస్త అలిగిందండి. మళ్ళీ తనే తినేసింది.”

“అదంతే అండి,” అని మా నాన్న తృప్తిగా నవ్వి, ఆకు దగ్గరికి లాక్కున్నాడు. “అయితే ఇంకాస్త అన్నం పెట్టి పెరుగు వెయ్యండమ్మగారూ. మంచి ఆకలిగా ఉంది.”